జి డ్రైవులో పెళ్ళి

మా పెద్దనాన్న ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. ఒకే కాగితం రెండుసార్లు కనబడితే, ఒకటి చింపేదాకా ఆయనకు మనశ్శాంతి ఉండదు. అలాంటి మనిషి లాప్‌టాప్‌లో మా అక్క పెళ్ళి వీడియో పెట్టాల్సి వచ్చింది.

కొత్త లాప్‌టాప్‌కి డీవీడీ ట్రే లేదు. అందుకని డిస్కులో ఉన్నదంతా నా పాత కంప్యూటర్లో ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీసి, ఇందులో వేసిచ్చాను. దాని మీద రెండుసార్లు నొక్కితే చాలు, ఎవరో నిజంగానే డిస్కు పెట్టారని విండోస్ నమ్మేసి, జి అని కొత్త డ్రైవు చూపిస్తుంది. ఒకప్పుడు దీనికి డీమన్ టూల్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు వేసుకోవాల్సి వచ్చేది. 2012లో విండోస్ 8 వచ్చాక ఆ మాయేదో విండోసే చేస్తోంది.

"అయితే డిస్కు లోపలికి వెళ్ళిపోయినట్టే కదా" అన్నారు పెద్దనాన్న. పెద్దమ్మ అది విని, ఇక పనేముందని అసలు డీవీడీకి దారం కట్టి, చిలకలు రాకుండా జామచెట్టుకు వేలాడదీసింది.

ఇంటికి ఎవరొచ్చినా పెద్దమ్మ నేరుగా అప్పగింతల దగ్గరికే తీసుకెళ్ళేది. అక్కడ అక్క కన్నా ఎక్కువగా, ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది పెద్దనాన్న. "కళ్ళలో హోమం పొగ పడింది" అని ఆయన వాదన. అప్పగింతల వేళకి హోమగుండం ఎప్పుడో చల్లారిందని పురోహితుడే సాక్ష్యం చెప్పాడు.

ఒకరోజు సి డ్రైవు ఎర్రగా మారింది. ప్రవచనాల వీడియోలతో నిండిపోయిందన్నమాట. పెద్దనాన్న తనిఖీకి దిగారు. ఫైలు చూస్తే 4.3 జీబీ, జి డ్రైవు చూస్తే అదీ 4.3 జీబీ. డూప్లికేట్ దొరికింది! డిస్కు ఎలాగూ డ్రైవులో ఉంది, ఇక దాని జిరాక్స్ దేనికని ఫైలు తీసెయ్యబోయారు. అది వాడకంలో ఉందని విండోస్ ఒప్పుకోలేదు. పాపం, అంతకన్నా మర్యాదగా అది మాత్రం ఎలా చెబుతుంది? ఆయన రీస్టార్ట్ చేశారు. రీస్టార్ట్ అయితే ఆ ఉత్తుత్తి డ్రైవు ఊడిపోతుంది, ఫైలు కాపలా లేకుండా మిగులుతుంది. తీసేశారు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారు, చెత్తబుట్ట నిండా ఉంటే ఆయనకు నిద్ర పట్టదు.

తర్వాత చూస్తే జి లేదు. నేను వెళ్ళేసరికి లాప్‌టాప్ బోర్లా తిప్పి ఉంది. పెద్దనాన్న టార్చి పట్టుకుని మంచం కింద వెతుకుతున్నారు.

"ఒరేయ్, డిస్కు ఎటు నుంచి పడుంటుంది?"

ఇక గతి జామచెట్టే. ఒక పక్క గీతలు, ఇంకో పక్క పిట్టల రెట్ట. కడిగి, తుడిచి, యూఎస్‌బీతో బయట తగిలించే డీవీడీ డ్రైవులో పెట్టాం. డీవీడీలో రాత మధ్యలో మొదలై అంచు వైపు వెళుతుంది. కొమ్మలు గీరింది అంచునే. దానికి తోడు ఇంట్లో రాసుకునే డిస్కుల్లో రంగు పొర ఎండకు పాడవుతుంది. అయినా మధ్య వైపు ఉన్న స్నాతకం, జీలకర్ర బెల్లం, తాళి అన్నీ చక్కగా వచ్చాయి. భోజనాల్లో గడ్డపెరుగు వడ్డించే దగ్గర బొమ్మ ముక్కలైంది. ఆ తర్వాత ఏమీ లేదు.

"కావాలనే తీసేశారు! ఈయన సంగతి నాకు తెలీదూ!" అంది పెద్దమ్మ.

పెద్దనాన్న మాట్లాడలేదు. వచ్చినంత వరకు నేను మళ్ళీ ఐఎస్ఓ చేసి పెట్టాక, పక్కన కూర్చుని చివరిదాకా జరిపి చూసుకున్నారు. గడ్డపెరుగు దగ్గర ఆగిపోయింది.

"ఇది ఉండనీరా, దీన్ని నేను ముట్టుకోను" అన్నారు.