డిక్రీ సరే, అమీనా ఎవరు?

కోర్టుకెక్కితే ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన ఊళ్లలో ఒక మాట ఉంది. మా తాతగారి విషయంలో అది అక్షరాలా నిజమైంది. పొలం తగాదాలో మున్సిఫ్ కోర్టు ఆయన పక్షాన డిక్రీ ఇచ్చింది. దాని అమలుకు మళ్లీ ఈపీ, అంటే అమలు దరఖాస్తు, వేయాల్సి వచ్చింది. చివరికి కోర్టు ఉత్తర్వులను అమలు చేసే ఉద్యోగి అమీనా వచ్చి, డప్పు వేయించి, ఆ ఎకరం స్వాధీనపరిచే నాటికి, దావా వేసిన ఏడాది గట్టున నాటిన కొబ్బరి మొక్కలు కాపుకొచ్చాయి. ఇక్కడ కక్షిదారుడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని, బ్రిటిష్ పాలనలో మనకు చివరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1872లోనే అన్నది. ఆలస్యమైతేనేం, అమీనా అంటూ ఒకడు వచ్చాడు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పుల వార్తలు చదివినప్పుడల్లా, న్యాయశాస్త్రం చదవని నాకు ముందు తట్టేది ఈ అమీనా సంగతే.

ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోని 94వ అధికరణం ప్రకారం, ఓడిన దేశం తీర్పును పాటించకపోతే గెలిచిన దేశం భద్రతా మండలిని ఆశ్రయించవచ్చు. కాగితం మీద ఇది బాగానే ఉంది. నికరాగ్వా రేవుల్లో మందుపాతరలు పెట్టినందుకు, అక్కడి ప్రభుత్వంపై పోరాడుతున్న కాంట్రా తిరుగుబాటుదారులకు ఆయుధాలు, శిక్షణ ఇచ్చినందుకు అమెరికాను తప్పుపడుతూ, నష్టపరిహారం చెల్లించాలని ఆ న్యాయస్థానం 1986 జూన్ 27న తీర్పు చెప్పింది. అప్పుడు న్యాయస్థానం అధ్యక్ష స్థానంలో ఉన్నది మన నగేంద్ర సింగ్. విచారణ నుంచి అమెరికా అంతకు ముందే తప్పుకుంది. తీర్పును అమలు చేయించాలని నికరాగ్వా భద్రతా మండలికి వెళ్తే, అక్టోబరులో 11 దేశాలు తీర్మానాన్ని బలపరిచాయి. వ్యతిరేకించింది అమెరికా ఒక్కటే. వీటో కావడంతో ఆ ఒక్క ఓటే చాలింది. ఈపీ విచారించే బెంచి మీద బాకీదారుడే కూర్చుంటే ఏమవుతుందో అదే అయింది. 1991లో, ప్రభుత్వం మారిన తర్వాత, నికరాగ్వాయే దావాను ఉపసంహరించుకుంది.

అలాగని ఆ తీర్పులన్నీ చిత్తుకాగితాలేనని కొట్టిపారేయలేం. చమురు, చేపలు దండిగా ఉన్న బకాసి ద్వీపకల్పం కామెరూన్‌దేనని 2002లో తీర్పు వచ్చినప్పుడు, బలంలో ఎంతో పెద్దదైన నైజీరియా మొదట ససేమిరా అన్నది. సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఊరిపెద్దలా మధ్యలో కూర్చుని నచ్చజెప్పాక సైన్యాన్ని వెనక్కి పిలిచి, 2008 ఆగస్టులో ఆ ప్రాంతాన్ని పూర్తిగా అప్పగించింది. అమీనా లేనిచోట పెద్దమనిషైనా ఉండాలి; ఆయన మాట వినాలన్న అవసరం ఓడినవాడికీ ఉండాలి.

ఇక మన సంగతి. పాకిస్తాన్ సైనిక కోర్టు కులభూషణ్ జాదవ్‌కు మరణశిక్ష వేసినప్పుడు, 2017 మే నెలలో మనం హేగ్ తలుపు తట్టాం. శిక్ష అమలు ఆపాలన్న ఉత్తర్వు పది రోజుల్లోనే వచ్చింది. 2019 జూలై 17న 15-1 ఆధిక్యంతో తీర్పూ వచ్చింది. మనవాళ్లు సంబరపడ్డారు, నేనూ పడ్డాను. కానీ 1999లో కచ్ ప్రాంతంలో మన వైమానిక దళం తమ నౌకాదళ విమానాన్ని కూల్చిందని, అందులోని 16 మంది చనిపోయారని పాకిస్తాన్ అదే తలుపు తట్టినప్పుడు, మనం చెప్పిన జవాబు వేరు: పాకిస్తాన్ కూడా మాలాగే కామన్వెల్త్ కూటమి సభ్యదేశం, ఆ దేశాలతో మాకున్న వివాదాలను విచారించే అధికారం మీకు మేం ఇవ్వలేదు! 2000 జూన్‌లో న్యాయస్థానం దానికి ఒప్పుకొని, తనకు విచారణాధికారం లేదని తేల్చింది. జాదవ్ కేసులో మనకు దారి దొరికింది, విదేశంలో పట్టుబడిన తమ పౌరుడిని కలిసే హక్కు వంటివి చెప్పే, కాన్సులర్ సంబంధాలపై వియన్నా ఒప్పందానికి అనుబంధంగా రెండు దేశాలూ సంతకం చేసిన మరో పత్రం ఉండబట్టే. మనం చేసింది చట్టరీత్యా సబబే. ఏ ప్లీడరైనా ఆ సలహాయే ఇస్తాడు. అయితే పెద్ద దేశాలు న్యాయస్థానాన్ని అవసరానికి వాడుకుని వదిలేస్తాయని మనం చేసే ఫిర్యాదులో కొంత పస తగ్గుతుంది.

జాదవ్ తీర్పు వచ్చి మూడు నెలలు తిరక్కుండానే, 2019 సెప్టెంబరులో, ఆ న్యాయస్థానం అధికారాన్ని ఏ మేరకు అంగీకరిస్తామో చెబుతూ భారత్ కొత్త ప్రకటన దాఖలు చేసింది. కామన్వెల్త్ మినహాయింపు అందులోనూ ఉంది.