సముద్రం వైపు గోడ చూడండి

తీరనగరంలో పాత కట్టడాలను రెండు గంటల్లో నడిచి చూడమన్న మీ సలహా బాగుంది గానీ, ఆ రెండు గంటలు ఒక్క వీధికే సరిపోతాయి. కింద అంతా దుకాణాల బోర్డులే. అసలు భవనం పై అంతస్తులోనే మిగిలి ఉంటుంది, ఎదుటి కాలిబాట మీద నిలబడి తలెత్తి చూడాలి. సముద్రం వైపు గోడను వెనక గోడతో పోల్చండి. ఉప్పుగాలికి రాళ్ల మధ్య ఇనుప కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, రాయి చీలుతుంది. సున్నపు గోడ తేమను పీల్చి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూశారా, తేమ లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు స్ఫటికాలు కట్టి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. దీన్ని మరమ్మతు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. అన్నట్టు, ఆ పొడిని వేలితో గీరి చూడకండి. నేను గీరి కాపలాదారుతో తిట్లు తిన్నాను.