వెయ్యి ప్రతుల సువార్త

సంఘాభివృద్ధి సదస్సు పేరిట ఇటీవల మమ్మల్ని మూడు గంటలు కూర్చోబెట్టిన ఒక వక్త, తెర మీద ఒకే ఒక గీతను పైపైకి పాకిస్తూ, 1784లో దాదాపు 15 వేల మంది ఉన్న అమెరికాలోని మెథడిస్టు అనే క్రైస్తవ సంఘం 1844 నాటికి పది లక్షలు దాటిందనీ, గుర్రమెక్కి ఊరూరా తిరిగిన బోధకులే అందుకు కారణమనీ సెలవిచ్చారు. గుర్రాల కష్టాన్ని నేను కాదనను. సొంత ఇల్లంటూ లేకుండా నలభై అయిదేళ్లు దేశమంతా తిరిగిన బిషప్ ఆస్బరీని అంతకన్నా కాదనను. అయితే గుర్రాలతో సమానంగా పాటుపడిన కత్తెరను వక్తగారు బొత్తిగా మరిచిపోయారు.

కొత్త దేశంలో కొత్త సంఘాన్ని నిలబెట్టడానికి 1784 క్రిస్మస్‌కు బాల్టిమోర్‌లో కూడిన పెద్దలు, సభ్యులు తమ బానిసలను విడిపించాలని, లేకుంటే సంఘం విడిచి వెళ్లాలని నియమం పెట్టారు. ఆరు నెలలు తిరగకుండానే దాన్ని పక్కన పెట్టారు. 1808లో దక్షిణ కరోలినా కోసమని, బానిసత్వం మీది భాగాన్ని తీసేసి, సంఘ నియమావళిని ప్రత్యేకంగా వెయ్యి ప్రతులు వేయించాలని తీర్మానించారు. ఇక అచ్చాఫీసువాడి అవస్థ ఊహించండి: పాపమున్న కట్ట ఏది, పాపం లేని కట్ట ఏది? బోధకుడి జీనుసంచిలో రెండు రకాలూ ఉండి, వాగు దాటుతుండగా గుర్రం తొట్రుపడి అవి కలిసిపోతే? పత్తి చేల దొర చేతిలో ఉత్తరాది ప్రతి పడి, ఆయన ఆత్మకు పొరపాటున మేలు జరిగిపోతే, ఆ జిల్లా కానుకలకు ఎవరు పూచీ?

ఫిలడెల్ఫియాలో ఈ సంఘానిదే అయిన సెయింట్ జార్జి మందిరంలో మోకాళ్ల మీద ఉన్న అబ్సలోమ్ జోన్స్ అనే నల్లజాతి విశ్వాసిని, నల్లవాళ్లు అక్కడ మోకరించకూడదంటూ మందిర పెద్దలు పట్టి లేపబోయారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమని అడిగాడాయన. ఆగలేదు. ఆమెన్ అనేంతవరకైనా ఓపిక పట్టలేని వాళ్లు ఎవరి సువార్త మోశారు? సిగ్గు లేదా? ఆనాడు బయటికి నడిచిన వాళ్లలో ఒకడైన రిచర్డ్ అలెన్, పాత కమ్మరికొట్టాన్ని లాగించి తెచ్చి గుడి చేసుకున్నాడు. 1816లో వాళ్లది వేరే సంఘమే అయింది. తెర మీది గీతలో ఆ నడక ఎక్కడా కనబడలేదు.

అన్నట్టు, ఆ గీత సరిగ్గా 1844 దగ్గరే ఆగిపోయింది. జార్జియా బిషప్ ఆండ్రూగారికి బానిసలున్నారన్న తగవు మీద సంఘం నిలువునా చీలింది ఆ ఏడాదే. అది అడుగుదామని నేను లేచేసరికి భోజనాలకు పిలిచారు.