రాష్ట్రపతి పేరిట నాన్చుడు

రాష్ట్రాల బిల్లులపై ఎప్పటిలోగా తేల్చాలో రాష్ట్రపతికి, గవర్నర్లకు కోర్టులు గడువు పెట్టలేవని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2025 నవంబరు 20న చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తులు పెట్టిన 3 నెలల గడువు దీంతో పక్కకు పోయింది. రాజ్యాంగంలో లేని గడువును కోర్టు రాయడం తగదన్న వాదనలో కొంత బలం ఉంది. కానీ ఈ మాటతో ఊపిరి పీల్చుకున్నది రాష్ట్రపతి భవన్ కాదు, కేంద్ర ప్రభుత్వం.

74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి కేంద్ర మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. 1976లో 42వ సవరణ ఈ సంగతిని అనుమానానికి తావు లేకుండా రాసిపెట్టింది. తర్వాత 44వ సవరణ ఇచ్చిన వెసులుబాటు ఒక్కటే: సలహాను ఒకసారి వెనక్కి పంపవచ్చు, మళ్లీ అదే వస్తే ఒప్పుకోవాల్సిందే. అంటే గవర్నర్ పంపాక రాష్ట్రపతి దగ్గర పెండింగ్‌లో ఉందని చెబుతున్న ప్రతి రాష్ట్ర బిల్లూ నిజానికి కేంద్రం దగ్గర ఆగినదే. అడిగితే మాత్రం ‘రాష్ట్రపతి పరిశీలనలో ఉంది’ అన్న జవాబే వస్తుంది. మనం నిలదీయలేని పదవిని అడ్డం పెట్టుకుని, నిలదీయాల్సిన ప్రభుత్వం తప్పించుకుంటోంది.

బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులను తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో పార్టీలకతీతంగా ఆమోదించింది. కోర్టు మాట వచ్చేసరికి 8 నెలలు దాటింది. అప్పటికీ అవుననీ లేదు, కాదనీ లేదు. కాదని చెప్పేసినా పంచాయతీ ఎన్నికలకు రాష్ట్రం మరో దారి వెతుక్కునేది. 2017 ఏప్రిల్‌లో ఇదే సభ ఎస్టీలకు 10, వెనుకబడిన ముస్లింలకు 12 శాతం కోటా కోరుతూ పంపిన బిల్లుకు ఆమోదం రానేలేదు. 2019 డిసెంబరు నాటి ఆంధ్రప్రదేశ్ దిశ బిల్లు ప్రశ్నలు, వివరణల మధ్య ఏళ్ల తరబడి తిరిగింది. ఈ మూడు బిల్లులనూ తెచ్చింది మూడు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు. వాటిలో తప్పులుంటే ఉండొచ్చు, మా అభ్యంతరం తిరస్కారం మీద కాదు. జవాబే ఇవ్వకపోవడం మీద.

1986 నాటి పోస్టల్ బిల్లుపై అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ కూడా సంతకం పెట్టలేదు, వెనక్కీ పంపలేదు. జనం ఉత్తరాలు విప్పి చూసే అధికారాన్ని సర్కారుకు ఇచ్చే బిల్లు అది. ఆనాటి మౌనం కేంద్రానికి అడ్డుపడింది. నేటి మౌనం కేంద్రానికే అక్కరకొస్తోంది.

రాష్ట్రపతి తిప్పి పంపిన బిల్లును శాసనసభ 6 నెలల్లోగా మళ్లీ పరిశీలించాలని 201వ అధికరణం గడువు పెట్టింది. ఓట్లేసి ఎన్నుకున్న సభకు గడువుంది, ఢిల్లీకి లేదు! పోనీ, ఢిల్లీకి గడువంటే తెలియదా? ఇలాంటి బిల్లులను 3 నెలల్లో తేల్చాలని 2016లో రాసుకున్నది కేంద్ర హోంశాఖే. తాను రాసుకున్న గడువునే కోర్టు ఆదేశిస్తే, అది రాష్ట్రపతి అధికారాల్లో జోక్యమని వాదించిందీ కేంద్రమే. ఈ రెండు నాలుకల ధోరణిని రేపు కేంద్రంలో ఏ పార్టీ వచ్చినా వాడుకుంటుంది. నచ్చని రాష్ట్రం బిల్లును తిరస్కరించే శ్రమ కూడా ఇక ఎవరికీ అక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

రాష్ట్రపతికి ఏం సలహా ఇచ్చారని కోర్టులు విచారించలేవు. పార్లమెంటు అడగొచ్చు. కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి తెలంగాణ బీజేపీ ఎంపీయే. శాసనసభలో బీసీ బిల్లులకు చేతులెత్తి, ఢిల్లీలో నోరు మెదపని ఆ పార్టీ నాయకులు ముందు జవాబు చెప్పాలి. బిల్లులు వద్దనుకుంటే వద్దని రాసి పంపండి. రాష్ట్రపతి చాటున నిలబడి కాదు, మీ పేరు మీదే చెప్పండి.