ఫాదర్లకి యూనివర్సిటీతో ఏం పని అట!

మా చెల్లి కొడుక్కి అమెరికాలో నోటర్ డేమ్ యూనివర్సిటీలో సీటొచ్చింది. అక్కడి లైబ్రరీ గోడ మీద చేతులెత్తి నిలబడ్డ పేద్ద ఏసుక్రీస్తు బొమ్మ ఉంటుంది. దాని ముందు ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడో లేదో, మా బావగారు దిగిపోయారు. "అక్కడ చదువు చెప్తారా, బాప్తిస్మం ఇస్తారా? ఫాదర్లకి యూనివర్సిటీతో ఏం పని?" కింద పళ్ళికిలించే బొమ్మలు. పిల్లాడు పాపం ఫోటో తీసేశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

ఆ లైబ్రరీకి ఎవరి పేరుందో తెలుసా బావగారూ? ఫాదర్ థియొడోర్ హెస్‌బర్గ్. 1952లో 35 ఏళ్ళకే ఆ యూనివర్సిటీకి ప్రెసిడెంటయ్యి, అంటే మన వీసీ లాంటి పదవి, 1987 దాకా నడిపాడు. మన వీసీలకు ఇచ్చేదే మూడేళ్ళు. ఒకాయన దిగిపోతే ఇంకొకాయన వచ్చేదాకా ఇన్‌చార్జి పాలన. సరే, దాని గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

చర్చి పెత్తనం అంటారా? 1967లో యూనివర్సిటీని తమ గురువుల సభ చేతుల్లోంచి తీసి, మామూలు జనం కూడా ఉండే బోర్డుకి అప్పజెప్పించింది ఈ ఫాదరే. క్యాథలిక్ యూనివర్సిటీ మీద బయటివాళ్ళ పెత్తనం ఉండకూడదు, అది చర్చిదైనా సరే అని అదే ఏడాది మిగతా పెద్దలతో కలిసి రాతపూర్వకంగా ప్రకటించాడు. 1972లో డిగ్రీకి ఆడపిల్లల్ని తీసుకున్నాడు. బాప్తిస్మాలు ఎక్కడిచ్చాడో వెతికి చెప్పండి.

అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1957లో ఆయన్ని పౌరహక్కుల కమిషన్‌లో వేశాడు. నల్లవాళ్ళ ఓటుహక్కు సంగతి. ఆరుగురు సభ్యుల్లో సగం నల్లవాళ్ళని దూరంపెట్టే అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు, ఒకళ్ళ మాట ఒకళ్ళకి పడదు. ఈయనేం చేశాడు? అందర్నీ విమానం ఎక్కించి విస్కాన్సిన్‌లో చెరువు ఒడ్డుకి తీసుకెళ్ళి, చక్కగా భోజనం పెట్టించి, చేపలు పట్టించాడు. ఆ రాత్రే సిఫార్సులన్నిటి మీదా దాదాపు ఏకాభిప్రాయం కుదిరింది. మన ఇంట్లో పెళ్ళిచూపులకే ఏకాభిప్రాయం రాదు!

1964లో షికాగోలో మార్టిన్ లూథర్ కింగ్ చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఫోటో ఉంది, చూసుకోండి. గొడవ చేసే విద్యార్థులకి పదిహేను నిమిషాల గడువిచ్చి, ఆపకపోతే సస్పెండ్ అన్న 1969 నాటి ఉత్తరం మాత్రం నాకు నచ్చదు. అప్పటి అధ్యక్షుడు నిక్సన్‌కి భలే నచ్చింది. నచ్చి ఏం లాభం, పౌరహక్కుల విషయంలో తన ప్రభుత్వాన్నే తిడుతున్నాడని 1972లో అదే నిక్సన్ కమిషన్‌లోంచి సాగనంపాడు. ఇంతా చేసి ఆయన పేదరికపు వ్రతం పట్టిన గురువు, సొంత ఆస్తంటూ లేదు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. ఈ బావగారే, తన కొడుకు ఎల్‌కేజీ సీటు కోసం మండే మే నెలలో టై కట్టుకుని, పళ్ళబుట్ట పట్టుకుని, ఫాదర్ గారి గది బయట బెంచీ మీద పొద్దుటినుంచి కూర్చున్నారు. చేతిలో ఎమ్మెల్యే గారి సిఫార్సు కూడా. అప్పుడు ఫాదర్లకి చదువుతో పనుందన్నమాట! "రెస్పెక్టెడ్ ఫాదర్" అని ఉత్తరం రాసిపెట్టింది నేను. సీటొచ్చాక స్వీట్లు ఊరందరికీ పంచారు, మా ఇంటికి తప్ప. అంతకుముందు నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చినప్పుడు "ఏ పనీ దొరకనివాళ్ళు పాఠాలు చెప్పుకుంటారు" అన్నదీ ఈయనే.

ఆ ఉత్తరం జిరాక్స్ నా దగ్గరే ఉంది. కావాల్సినవాళ్ళు కామెంట్లలో అడగండి, పెడతాను.