కాటన్ దొర [మార్చు]

డెల్టా ప్రజలకు శుభవార్త. గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఇంటిపేరు ఇన్నాళ్ళకి తెలిసింది: మార్చు. నమ్మకపోతే ఎనిమిదో తరగతి ప్రాజెక్టు పుస్తకాల కట్ట విప్పండి. "బాల్యం [మార్చు]", "ఆనకట్ట నిర్మాణం [మార్చు]", "మరణం [మార్చు]". ఎర్ర స్కెచ్ పెన్నుతో, కింద రెండు గీతలతో సహా.

తెలుగు వికీపీడియాలో శీర్షిక పక్కన దిద్దుబాటుకి నొక్కే మాట అది. క్లాసంతా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించేశారు. వాక్యం చివరి [3] కూడా వదల్లేదు. ఆ సంగతి ఎక్కడిదో చెప్పే అంకె అది. అంకె తెచ్చుకున్నారు, ఆధారం అక్కడే వదిలేశారు. తాళంచెవి పట్టుకొచ్చి పెట్టె మర్చిపోయినట్టు. మాస్టారు ప్రతి "మార్చు" పక్కనా టిక్కు కొట్టారు, మరణం పక్కన కూడా. దొర 1899లో పోయారు. మార్చే వీలుంటే ఈ డెల్టా ఎప్పుడో మార్చేసుకునేది.

చివరి పేజీలో "సేకరణ: గూగుల్". అన్నం ఎక్కడిదిరా అంటే "పళ్ళెంలోది" అన్నట్టుంది. నెట్‌లో చూస్తే పేజీ పేరు, సైటు పేరు, చూసిన తేదీ రాయాలి. పుస్తకమైతే రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ. ఒక్క లైను పని. వాడుకున్నందుకు వికీపీడియా వాళ్ళు డబ్బులు కూడా అడగరు, ఎక్కడిదో చెప్పి వాడుకోమంటారు.

పిల్లల్ని అని ఏం లాభం? శుక్రవారం "కాటన్ జీవితం" అని చెప్పి సోమవారం తెమ్మంటే జిరాక్సు షాపుకి కాక ఎక్కడికి పోతారు? అడగాల్సింది ఇది: మీ చేలోకొచ్చే నీళ్ళు ధవళేశ్వరంలో బయల్దేరి ఏ కాలవ, ఏ లాకులు, ఏ తూము దాటి వస్తాయి? బొమ్మ గియ్యి. దీనికి జవాబు ఎత్తి రాయడానికి ఎక్కడా దొరకదు. రెండు వారాలు గడువివ్వండి. మొదటివారం రఫ్ నోట్సు చూడండి, ఎవర్ని అడిగారో, ఎప్పుడో. చదివింది మూసేసి సొంతమాటల్లో రాయమనండి. తర్వాత తెరిచి అంకెలు సరిచూసుకోవాలి: ఆనకట్ట 1847 నుంచి 1852, ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. ఉన్నదున్నట్టు ఎత్తిన వాక్యానికి కొటేషన్ గుర్తులు పెట్టాలి. "నిర్మించెను" తీసి "కట్టెను" అని పెడితే సొంతం అయిపోదు.

ఆధారం చెప్పడం మనకి కొత్తా? ఈ రాజమహేంద్రవరంలోనే 11వ శతాబ్దంలో నన్నయ, భారతం తెలుగు చెయ్యడంలో తనకి తోడ్పడిన నారాయణభట్టు పేరు పద్యంలో పెట్టి మరీ చెప్పాడు. పాపం, ఆయన బోర్డరు గియ్యలేదు.

బోర్డరంటే గుర్తొచ్చింది. ఏ బళ్ళోనైనా ఒక పిల్ల ఉంటుంది. పెన్సిల్‌తో వంకరటింకరగా ఇంటెనక బోదె గీస్తుంది. వేసవిలో కాలవ కట్టేస్తే ఏ మడి ముందు ఎండుతుందో బాణం గుర్తు పెడుతుంది. కింద "చెప్పింది మా తాతయ్య" అని ఊరూ తేదీ రాస్తుంది. దానికి పదికి ఆరు! మెరుపులద్దిన జిరాక్సుకి పది! పైగా "నెట్‌లో లేదు కదా, నువ్వే కల్పించావా?" అని నలుగురిలో నిలదీత. సిగ్గుండక్కర్లా? క్లాసు మొత్తంలో కళ్ళతో చూసి, నోరు తెరిచి అడిగి, ఎవరు చెప్పారో ఒప్పుకున్న ఒకే ఒక్క పిల్లని దొంగని చేస్తారా?

ఆ బ్రాకెట్టు మాట రాయాల్సింది ఆ ఆరు పక్కన.