రాస్తే కదా చదివేది!

ప్రాణాలతో ముడిపడిన ఓపెన్ సోర్స్ (కోడ్‌ని ఎవరైనా చూసి వాడుకోగల) ప్రాజెక్టుల్లో తెలిసిన బగ్గులన్నీ, అంటే కోడ్‌లోని లోపాలన్నీ, ఒకచోట రాసిపెట్టమని కొందరు తెగ పట్టుబడుతున్నారు. పాపం, లోకం తెలీదు. రాస్తే జనం చదువుతారు, చదివితే అడుగుతారు, అడిగితే సరిచేయాలి. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి?

అసలు నిబంధనలే కోడ్ రాసే మన పక్షాన ఉన్నాయి. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కి ఐఈసీ 62304 అని ఒక ప్రమాణం ఉంది. బయటినుంచి తెచ్చుకున్న కోడ్ వల్ల ప్రమాదం జరిగే వీలుంటే, ఆ కోడ్ ఇచ్చినవాళ్లు ప్రచురించిన లోపాల జాబితానైనా కనీసం పరిశీలించాలంటుంది. ప్రచురించిన జాబితా! అంటే మనం ప్రచురించకపోతే పరిశీలించడానికీ ఏమీ ఉండదు. పరికరం చేసేవాడు టిక్కు పెట్టుకుంటాడు, మనం హాయిగా పడుకుంటాం.

తప్పక రాయాల్సి వస్తే ఎలా రాయాలో శత్రు క్షిపణుల్ని గాల్లోనే కూల్చే అమెరికా పేట్రియట్ క్షిపణుల వాళ్లని చూసి నేర్చుకోవాలి (అది ఓపెన్ సోర్స్ కాదు లెండి, మంచి ఎక్కడున్నా తీసుకోవాలి). ఆ సిస్టమ్ సమయం లెక్కకి వాడే సెకనులో పదో వంతుని 24 బిట్లలో (కంప్యూటర్ అంకెల గళ్లలో) కుక్కేది, అందులో పట్టక తెగిపోయిన ఇసుమంత తేడా నడిచేకొద్దీ పోగుపడేది. 1991 ఫిబ్రవరి 21న వాడేవాళ్లకి హెచ్చరిక వెళ్లింది, చాలా ఎక్కువసేపు నడిపితే గురి తప్పొచ్చని. ఎంతసేపైతే చాలా ఎక్కువసేపు? ఆ ముక్క మాత్రం రాయలేదు. 25న సౌదీలోని దహ్రాన్‌లో 100 గంటలకు పైగా ఆగకుండా నడుస్తున్న పేట్రియట్ యూనిట్‌లో సమయం లెక్క సెకనులో దాదాపు మూడో వంతు తప్పింది, ఇరాక్ నుంచి వచ్చే స్కడ్ క్షిపణిని అది పట్టుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు చేరింది. ఇన్ని గంటలకోసారి ఆపి ఆన్ చేయండి అని ఒక్క లైను రాస్తే సరిపోయేది, కానీ అంత వివరంగా రాస్తే వాడేవాళ్లకి అర్థమైపోదూ?

మనకి ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు, తనంతట తానే పనిచేసే బాట్ ఉంది. ఇష్యూ (ప్రాజెక్టుకి వచ్చిన బగ్గు ఫిర్యాదు) మీద 60 రోజులు ఎవరూ నోరు మెదపకపోతే పాతబడిందని ముద్ర వేస్తుంది, ఇంకో 7 రోజులకి మూసేస్తుంది. ఇన్సులిన్ పంపు కోడా, వాల్‌పేపర్ మార్చే కోడా అన్న వివక్ష దానికి లేదు. బగ్గు బతికే ఉంటుంది, ఇష్యూ మాత్రం క్లోజ్డ్.

జీతం లేకుండా కోడ్ బాగోగులు చూసే మెయింటైనర్‌ని ఏమంటాం? మెచ్చుకోవాల్సింది ఆ కోడ్‌తో పరికరాలమ్ముకునే కంపెనీల్ని. టెస్టింగ్‌లో దొరికిన బగ్గుని తమ కాపీలో గుట్టుగా సరిచేసుకుని, పైకి ఒక్క మాట చెప్పరు. అడిగితే, లైసెన్సులోనే ఏ హామీ లేదని ఉంది కదండీ అంటారు.